ఛుట్టీ మాఫీ

మొన్న శుక్రవారం మధ్యాహ్నం మా మనవరాలు బిస్కెట్ల డబ్బా తెచ్చి నా ముందు బోర్లించి, రాలిపడిన పలుకులను వేలితో అద్ది నాలిక మీద వేసుకుని, "తాతయ్యా, బిస్కెట్లు మాఫీ" అంది. దోహాలో ఉమ్ ఘువైలినా పేటలో మేముండే ఈ మేడ కింద కిరాణా కొట్టతను పొద్దస్తమానం అనే మాటే అది. పాలు మాఫీ, చిల్లర మాఫీ, గ్యాసుబండ మాఫీ. గల్ఫులో ఉన్నవాళ్ళకు చెప్పనక్కర్లేదు గానీ, మిగతా నా ఈడువాళ్ళ కోసం చెబుతున్నాను, ఇక్కడి వాడుకలో 'ఫీ' అంటే ఉంది, 'మాఫీ' అంటే లేదు. ఆ పిల్ల అంత ధీమాగా అనేసరికి అమ్మాయీ అల్లుడూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వబోయాను గానీ, నవ్వు పెదవుల దాకా రాలేదు.

నీటిపారుదల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరిన నాటి నుంచీ నాకు డైరీ రాసే అలవాటు. కాలువ గట్లూ తూములూ గీసి గీసి వంగిన వేళ్ళు కనుక ఏదైనా వరుసలో పెట్టుకుంటే తప్ప నాకు తోచదు. రాయకుండా వదిలేసిన రోజులు నా జీవితంలో చాలా కొద్ది, అవన్నీ ఒకే చలికాలానివి. ఆ ఏడాది డైరీలో గాలి ఎటు వీచిందో ఉంది, ఏ గదిలో ఎంత లోతు తవ్వామో ఉంది, పప్పులో ఉప్పెక్కువైన సంగతి కూడా ఉంది. ఆ తరువాత వట్టి తేదీలే. కాబట్టి ఇప్పుడు చెప్పేదంతా మనసులో ఉన్నదే.

మా ఆవిడ పోయిన మరుసటి ఏడు అమ్మాయి నన్ను కాకినాడ నుంచి దోహాకు తీసుకొచ్చింది. అమ్మాయికి ఆసుపత్రిలో డ్యూటీ, అల్లుడికి వెస్ట్ బేలో ఆఫీసు, మనవరాలు అప్పటికి పుట్టలేదు. పగలంతా నేనూ ఏసీ చప్పుడూ. అటువంటప్పుడు అల్లుడు ఒక కబురు తెచ్చాడు. ఉత్తరాన సముద్రపు ఒడ్డున ఎప్పుడో జనం వదిలేసి వెళ్ళిపోయిన ఊరొకటి తవ్వుతున్నారట, దొరికిన వాటిని కొలిచి, బొమ్మ గీసి, చీటీలు కట్టేందుకు ఊరికే వచ్చి పనిచేసేవాళ్ళు కావాలట. నా ప్రాణం లేచొచ్చింది. పెన్సిళ్ళు చెక్కుకుని మరునాడే బయలుదేరాను.

ఆ శిథిలాలకు కూతవేటు దూరంలో ఇప్పటికీ మనుషులుండే చిన్న జాలరి పల్లె ఉంది, నావంటి వలంటీర్లకు అందులో ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నారు. ఇంటి యజమాని పెద్దవయసు ఖతరీ ఆయన, పొద్దున్నే చేపలు తెచ్చి గుమ్మంలో పెట్టి, చిన్న గిన్నెలో కాఫీ పోసుకుని మా పక్కన కూర్చునేవాడు. వాళ్ళ నాయనమ్మ పుట్టింది ఆ కూలిన గోడల మధ్యనేనట. మేము పెంకులు కడిగి ఆరబెట్టుకోవడం చూసి ఆయన ఒకటే ఆశ్చర్యపడేవాడు, పగిలిపోయాయనే కదా మా నాయనమ్మ వాటిని పారేసింది, మీరు వాటికింత మర్యాద చేస్తున్నారేమిటని.

తవ్వకానికి పెద్ద ఒక యూరప్ ఆవిడ. చదువులో డాక్టరు కనుక పనివాళ్ళంతా డాక్టరమ్మ అనేవారు, ఒకతను జ్వరం మాత్రలు కూడా అడిగాడు. పనివాళ్ళను పంపింది మాత్రం ఒక లేబర్ కంపెనీ. వాళ్ళు శిథిలాల పక్కనే రేకుల క్యాబిన్లలో ఉండేవారు. అందరూ మనవాళ్ళే కావడం నా అదృష్టమనుకున్నాను. వాళ్ళకు మేస్త్రీ హైదరాబాద్ పాతబస్తీ మనిషి, నడివయసు దాటినవాడు, తెలుగూ దక్కనీ అరబ్బీ మూడూ ఒకే ఊపిరిలో మాట్లాడగలవాడు. నవ్వించడం మొదలుపెడితే పలుగు పారలు ఆగిపోవలసిందే. ఆయనకు తాళం వేసేవాడు కడప జిల్లా నుంచి వచ్చిన వంటతను. ఆ ఇద్దరి నోళ్ళకూ అడ్డు లేదు.

పని మొదలైన కొన్నాళ్ళకు జగిత్యాల వైపు నుంచి ఒక కొత్త మనిషిని తెచ్చి దింపారు. నలభై ఏళ్ళుంటాయి, మెత్తటివాడు, నెత్తికి తువ్వాలు చుట్టుకుని ఎవరేది చెప్పినా చేసేవాడు. వాళ్ళింట్లో గల్ఫు మొత్తానికీ ఒకటే పేరు, దుబాయ్. విమానం దిగి బస్సెక్కితే నేరుగా ఈ మొండిగోడల మధ్యకు తెచ్చారు గనుక మొదటిరోజు చుట్టూ చూసి, "మేస్త్రీ, దుబాయ్‌ల మస్తు బిల్డింగులుంటయన్నరు, గీడ అన్ని కూలిపోయినయేందే?" అన్నాడు. మేస్త్రీ తొణక్కుండా, "నువ్వొస్తున్నవని తెల్సి పడ్డయ్ బేటా, ఇగ నువ్వే కట్టాలె" అన్నాడు. అప్పుడు నేనూ కడుపుబ్బ నవ్వాను. అప్పుడప్పుడే మొదలైన నవ్వు అది, ఎక్కడికి పోతుందో ఎవరికి తెలుసు.

మేము తవ్వుతున్నది ఖర్జూరాలు నిల్వ చేసే గది. గచ్చు నేల మీద వరుసగా సన్నటి కాలువలు తీసి, ఒక మూలకు వాలు పెట్టారు. ఖర్జూరపు బస్తాలను ఒకదాని మీద ఒకటి పైకప్పుదాకా పేర్చేవారట, ఎవరూ పిండనక్కర్లేదు, పై బస్తాల బరువుకు కింది బస్తా దానంతటదే నలిగి పాకం కారుతుంది, అది కాలువలో పడి మూలనున్న జాడీలోకి చేరుతుంది. కాలువల మనిషిని కదా, ఆ వాలు కొలుస్తూ చాలా ముచ్చటపడ్డాను. కొత్తాయన పని ఆ కాలువల్లో పేరుకున్న మట్టిని కుంచెతో తీయడం.

అతను వచ్చి నెల తిరగకముందే ఇంటి నుంచి ఫోను వచ్చింది, తండ్రికి పక్షవాతం, మాట పడిపోయింది, కళ్ళు మాత్రం గుమ్మం వైపే ఉన్నాయి. ఆయన చిన్నకొడుకు ఇంట్లోనే ఉన్నాడు, ఆ చూపు పెద్దకొడుకు కోసమని అందరికీ తెలుసు. అతను కుంచె కింద పెట్టి అలాగే కూర్చుండిపోయాడు. రెండేళ్ళు నిండందే ఇంటికి పంపేది లేదని కంపెనీ కండిషన్. వారానికొకసారి కంపెనీ మందూబ్ పికప్ బండిలో వచ్చేవాడు, పనివాళ్ళ కాగితాలూ రాకపోకలూ చూసే అరబ్బు ఆయన. ఆ రోజు బండి ఆగగానే కొత్తాయన ఎదురెళ్ళి చేతులు జోడించి నిలబడి, మేస్త్రీతో చెప్పించుకున్నాడు, "బాపును ఒక్కసారి సూసి మళ్ళొస్త. ఆ రెండేండ్ల కండిషన్ నాకు మాఫీ చెయ్యమనుండ్రి."

మేస్త్రీ అరబ్బీలో ఏదో చెప్పాడు. మందూబ్ ఫోనులోంచి తల ఎత్తకుండానే చెయ్యి ఊపి, "మాఫీ, మాఫీ. ఛుట్టీ మాఫీ" అన్నాడు.

సెలవు లేదు అని. అక్కడున్న అందరికీ అర్థమైంది, ఒక్కడికి తప్ప. అతని ఊళ్ళో ఆ మాటకు ఒక్కటే అర్థం. బ్యాంకు అప్పు మాఫీ అయిందంటే ఊరంతా మిఠాయి పంచుకునే మాట అది. తాను అడిగిన మాటే ఆయన నోటి నుంచి తిరిగి వచ్చింది. అతను వంగి ఆ మందూబ్ రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. ఆయన తెల్లబోయి, చేతులు విడిపించుకుని, నవ్వుతూ బండెక్కి వెళ్ళిపోయాడు.

మేస్త్రీ నోరు తెరిచాడు. చెప్పబోతున్నాడనే అనుకున్నాను. ఈలోగా కడప వంటతను, "ఏమన్నా, ఊరికి పోతాండావంట గదా! ఒట్టి నోటితో పంపిస్తామా, మాకు టీ యాడ?" అన్నాడు. ఎవరో కిసుక్కుమన్నారు. మేస్త్రీ తెరిచిన నోరు మూసి, మళ్ళీ తెరిచేసరికి అందులో మరో మాట ఉంది, "ముబారక్ బేటా! చాయ్ ఒక్కటేనా, సమోసా కూడా కావాలె."

నేను ఆగలేదు. కొత్తాయనను గోడ చాటుకు తీసుకెళ్ళి, బాబూ ఇక్కడ ఆ మాటకు అర్థం వేరు, సెలవు ఇవ్వననే చెప్పాడాయన, ఇంటికి ఫోను చెయ్యకు అని విడమరిచి చెప్పాను. అతను జాలిగా చూశాడు. "మీ దిక్కు వేరేమో సార్. మా కాడ మాఫీ అంటే మాఫీయే" అని, అయినా అనుమానం తీరక మేస్త్రీని పిలిచి, సారు గిట్లంటున్నడేందని అడిగాడు. మేస్త్రీ నా కళ్ళలోకి చూస్తూనే, "సార్ సర్కారు ఆఫీసుల చేసిండు కద. గా ఆఫీసోళ్ళు ఎవనికేది మాఫీ అయిందన్నా నమ్మరు" అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. కొత్తాయన కూడా నవ్వాడు, నా మనసు నొచ్చుకుంటుందేమోనని నా భుజం నిమిరాడు కూడా. అక్కడే నా ముందే ఇంటికి ఫోను కలిపాడు. అవతల తమ్ముడు ఫోను తండ్రి చెవి దగ్గర పెట్టినట్టున్నాడు. "బాపూ, వస్తున్న. పైలంగ ఉండు, వస్తున్న" అని అరిచాడు, దూరంలో ఉన్నవాళ్ళకు అరిస్తేనే వినబడుతుందన్నట్టు.

ఆ తరువాత మేస్త్రీని ఒంటరిగా పట్టుకుని, ఇదేం మనిషితనమయ్యా అన్నాను. ఆయన బీడీ వెలిగించుకున్నాడు. "మా అమ్మ పోయినప్పుడు నేను గిట్లనే రాళ్ళ నడుమున్న సార్. నాకూ గదే మందూబ్, గదే మాఫీ. నాకు అర్థమయింది గనుక ఆ క్షణంల్నే సచ్చిన. వీనికి అర్థం కాలె. నాల్గు దినాలు ఖుషీగ ఉండనీయండి, మమ్మల్ని నవ్వుకోనీయండి. ఎవని సొమ్మేం పోతది?" అన్నాడు. నాకు ఆ గచ్చు గదిలో కింది బస్తా గుర్తొచ్చింది. పైనుంచి పడిన బరువును ఆయన తన కిందివాడి మీదకు దించుతున్నాడు, అంతే.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ శ్రద్ధగా విని, చాలా విచారమని, అయితే పనివాళ్ళ సెలవులు వాళ్ళకూ కంపెనీకీ మధ్య సంగతని, తాను కలగజేసుకోకూడదని చెప్పింది. గురువారం పెద్దవాళ్ళెవరో చూడవస్తున్నారు, ఆలోగా ఖర్జూరం గది నేల శుభ్రమవుతుందా అని అడిగింది. అవుతుందన్నాను. నిజంగానే అయింది. ఆ కొత్తాయన కుంచె ఆ రోజుల్లో నడిచినట్టు మరెవరిదీ నడవలేదు. ఏదో కూనిరాగం తీస్తూ ఒక్కొక్క కాలువనూ అద్దంలా చేశాడు. మధ్యలో తల ఎత్తి, "మా బాపుకు ఖర్జూరపండంటే పానం సార్, పండ్లు లేకున్నా సప్పరిస్తడు" అని చెప్పాడు.

ఆట రోజురోజుకూ ముదిరింది. గురువారం మందూబ్ బండి నిన్ను ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్ళడానికే వస్తుందని ఒకరు చెప్పారు. విమానంలో నువ్వు కూర్చునే సీటు కిటికీ పక్కన వేయించామని ఇంకొకరు చెప్పారు. వంటతను ఒక అట్టపెట్టె తెచ్చిచ్చి దాన్ని తాడుతో ఎలా బిగించాలో దగ్గరుండి నేర్పాడు. అతను అందులో పాలపొడి డబ్బా, నొప్పుల మందు సీసాలు, తండ్రి కోసం మెత్తటి దుప్పటి, పైన ఖర్జూరాల పొట్లం సర్దుకున్నాడు. పెట్టె మీద ఊరి పేరు రాసిమ్మని నా దగ్గరికే తెచ్చాడు. మళ్ళీ చెప్పాను. ఈసారి కోపగించుకున్నాడు, "మీరు రాయకుంటే వద్దు సార్, గంతేగాని శుభమా అని పోతుంటే అడ్డం మాట్లాడొద్దు" అని పెట్టె తీసుకుపోయాడు. మేస్త్రీ రాసిచ్చాడు, పెద్ద పెద్ద అక్షరాలతో.

గురువారం పొద్దున అతను ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, దారి పక్కన ఆ పెట్టె మీదే కూర్చున్నాడు. ఎండ పడుతున్నా నీడకు రాలేదు. చూడవచ్చిన పెద్దవాళ్ళు అతని పక్కనుంచే నడిచి వెళ్ళి, గది నేల చూసి ఎంతో మెచ్చుకుని ఫొటోలు తీసుకుని వెళ్ళిపోయారు. మధ్యాహ్నానికి పికప్ వచ్చింది. అతను లేచి మందూబ్‌కు సలాం చేసి, తానే పెట్టె ఎత్తి బండి వెనక పెట్టి, తలుపు తీసుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. మందూబ్ దిగి అతన్నీ పెట్టెనూ మార్చి మార్చి చూసి, "ఏష్ హాదా?" అన్నాడు, ఏమిటిదని. అప్పటిదాకా బిగబట్టుకున్న నవ్వులన్నీ ఒక్కసారి తెగాయి. ఇద్దరు ముగ్గురు నవ్వలేక నేల మీద కూర్చుండిపోయారు. మందూబ్ విసుగ్గా బండి తలుపు బాది, "యల్లా, దిగు, పనిలోకి పో" అని సైగ చేశాడు.

మేస్త్రీ బండి దగ్గరికెళ్ళి అతనికి మెల్లగా చెప్పాడు. ఏం చెప్పాడో వినబడలేదు గానీ, నవ్వు ఒక్కొక్కరి ముఖం మీదే ఆరిపోవడం కనబడింది. అతను మేస్త్రీ మాట నమ్మలేదు. బండిలోంచే తల తిప్పి, గుంపులో నన్ను వెతుక్కుని, నా వైపు చూశాడు. నేను తల ఊపవలసి వచ్చింది. అతను దిగి, పెట్టె తానే దించుకుని, ఇస్త్రీ చొక్కాతోనే గచ్చు గదిలోకి వెళ్ళి కుంచె అందుకున్నాడు. తుడవడానికి అక్కడ ఇంక మట్టి లేదు. శుభ్రంగా ఉన్న కాలువనే తుడుస్తూ కూర్చున్నాడు.

ఇంటికి వెంటనే చెప్పలేకపోయాడు. రేపు చెబుతానంటూ ఒక రోజు గడిపాడు. శనివారం పొద్దున పని మధ్యలో ఫోను మోగింది. తండ్రి పోయాడు. గుమ్మం వైపు చూస్తూనే పోయాడట. కొడుకు బయలుదేరాడని చెప్పి అంతవరకూ గంజి తాగించారట. ఇప్పుడు ఐసు పెట్టెలో ఉంచామని, చుట్టాలందరూ వచ్చేశారని, విమానం ఎక్కడిదాకా వచ్చిందని తమ్ముడు అడుగుతున్నాడు. ఆ ఫోను అందరికీ వినబడింది. పార చప్పుడు కూడా లేదు. అతను ఈసారి అరవలేదు. "నా కోసం ఆపకుండ్రి. కానియ్యుండ్రి" అని ఫోను పెట్టేశాడు.

కబురు కంపెనీకి చేరింది. మరునాడు మందూబ్ ప్రత్యేకంగా వచ్చాడు. తల్లో తండ్రో పోతే ఇంటికి పంపవచ్చునని కంపెనీలో ఒక నియమం ఉందట. బతికుండగా చూడడానికి లేదు, పోయాక అయితే ఉంది. ఆయన నిజంగానే మంచి చేస్తున్నాననుకుంటూ అతని భుజం తట్టి, "ఖలాస్, ఛుట్టీ ఫీ! యల్లా!" అన్నాడు. పనైపోయింది, సెలవు ఉంది, బయలుదేరు అని.

కొత్తాయన లేచి నిలబడ్డాడు. మేస్త్రీ తర్జుమా చెయ్యబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. మందూబ్ ముఖంలోకి చూస్తూ, ఎవరి సాయమూ లేకుండా, ఆ దేశపు మాటను మొదటిసారి వాళ్ళ అర్థంలోనే వాడాడు, "బాపు మాఫీ."

మందూబ్‌కు అర్థమైంది. బండెక్కి వెళ్ళిపోయాడు. కర్మకాండకైనా పోరాదా అని నేను బతిమాలాను. "వస్తున్న అని సెప్పిన సార్. ఇప్పుడు పోయి ఎవలకు మొకం సూపియ్యాలె" అన్నాడు.

ఆ సాయంత్రం మేస్త్రీ వచ్చి గది గడప దగ్గర చెప్పులు విడిచాడు. అంత మాటకారి, మాట కోసం తడుముకుంటూ నిలబడ్డాడు. చివరికి తన ఇంటి భాషలోనే, చేతులు కట్టుకుని, "ముఝే మాఫీ దేదో భాయ్" అన్నాడు. క్షమించమని. ఆయన భాషలోనూ ఆ మాటే మరి. కొత్తాయన కుంచె ఆపలేదు, తల ఎత్తలేదు. కాసేపటికి ఒకే ఒక మాట అన్నాడు.

"మాఫీ."

ఇచ్చాననో, లేదనో. ఊళ్ళో నేర్చుకున్న మాటో, ఇక్కడ నేర్చుకున్నదో. మేస్త్రీ ఇంకేదైనా వస్తుందేమోనని చాలాసేపు నిలబడి, చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ సీజను ముగిసేదాకా ఆయన ఎవర్నీ నవ్వించగా నేను వినలేదు. తాడు కట్టిన ఆ పెట్టె క్యాబిన్ మూలన అలాగే ఉండేది. ఎండలు ముదరగానే తవ్వకం ఆపారు, కొత్తాయనను దోహా శివార్లలో ముఐథర్ వైపు ఏదో కట్టుబడి పనికి మార్చారని విన్నాను. మళ్ళీ కనబడలేదు.

పోయిన చలికాలం అల్లుడు మమ్మల్నందరినీ ఆ చోటికి తీసుకెళ్ళాడు. కంచె వేశారు, నడవడానికి బాట వేశారు, గదుల ముందు బోర్డులు పెట్టారు. ఖర్జూరం గది కోసం వెతికితే అక్కడ చదునైన ఇసుక ఉంది. గాలికీ ఎండకూ గచ్చు పాడవుతుందని, తవ్వి తీసినదాన్ని తిరిగి ఇసుకతో పూడ్చేశారట, అదే దానికి క్షేమమట. మా మనవరాలు ఆ ఇసుక మీద పరుగెత్తింది. ఇప్పుడు వచ్చే కుర్రాళ్ళు విమానం ఎక్కకముందే ఫోనులో చూసి ఇక్కడి మాటలు నేర్చుకుంటున్నారు, రోజూ ఇంటివాళ్ళ ముఖాలు చూసుకుంటూ మాట్లాడుకుంటున్నారు. అటువంటి పొరపాటు ఇక ఎవరూ చెయ్యరు. అది మంచిదే, నాకు తెలుసు.

కానీ మొన్న ఆ పిల్ల ఖాళీ డబ్బా పట్టుకుని నిలబడినప్పుడు, అమ్మలూ, ఆ మాటకు ఇంకో అర్థం కూడా ఉంది, మన దగ్గర అది ఒకరు అడిగితే మరొకరు ఇచ్చేది అని చెబుదామనుకున్నాను. చెప్పలేదు. ఎవరినైనా క్షమించమని అడగవలసి వస్తే ఆ పిల్లకు 'సారీ' ఉంది. మాఫీ అంటే ఆమెకు ఎప్పటికీ లేదు అనే. ఆ రెండో అర్థం ఈ ఇంట్లో నాతోనే ఆఖరు.